పన్నెండు గంటల కూత

రాజధాని, శాఖ కార్యాలయం, మూడో అంతస్తు

బావగారికి,

అక్కతో ఫోనులో మాట్లాడాను. ఇల్లు నిలిచిందని, మీరిద్దరూ బాగున్నారని, కింద దర్జీ కొట్టులో మాత్రం మోకాలి లోతు బురద మిగిలిందని చెప్పింది. మీకు ఇవ్వమంటే, "ఆయన ఫోను ముట్టుకుని ఏడాది దాటింది" అంది. కోపం ఫోను మీదా, నా మీదా అని అడిగాను. "ఆయన కోపానికి అడ్రసు ఉండదురా, ఎవరు తలుపు తీస్తే వాళ్ళకే" అంది. అందుకే ఈ ఉత్తరం.

మీ ఊరి వరద మీద విచారణ నాకు అప్పగించారు. నవ్వకండి. రిటైరైన ఇంజనీరును మళ్ళీ పిలిచి కుర్చీ వేశారంటే, పని కష్టమైనదన్నా అయి ఉండాలి, చేతికి మసి అంటేదన్నా అయి ఉండాలి. ఇది రెండో రకమని మొదటి రోజే అర్థమైంది. నేను కలం తీయకముందే ముగింపు రాసి నా బల్ల మీద పెట్టారు. దాని సారం ఇది. ఆ శనివారం ఎగువ కొండల్లో కుంభవృష్టి కురిసింది. నీళ్ళు బయలుదేరాయని ఇక్కణ్ణుంచి మీ ఊరి ఫైర్ స్టేషన్‌కు ఫోను చేశారు. ఫోను అందింది. అక్కడి అధికారిణి సైరన్ మోగించలేదు. వంతెన కింద రేకుల షెడ్లలో ఉంటున్న రోడ్డు పనివాళ్ళు నలుగురు పోయారు. కనుక తప్పు ఆమెది. ఉద్యోగం తీసేయాలి, కేసు పెట్టాలి. కింద నా సంతకం ఒక్కటే తక్కువ.

సంతకం పెట్టేవాణ్ణే. కానీ ఒక చిక్కు కనిపించింది. మీ వంతెన వీధి, బజారు, అన్నీ నది పక్కనే, అన్నీ పల్లంలోనే. మధ్యాహ్నం పూట జనం కిటకిటలాడే చోటు. సైరన్ మోగలేదు, మీ ఊళ్ళో చినుకు పడలేదు, ఆకాశం నీలంగా ఉందట. అయినా బజారులో ఒక్కరికి గీత పడలేదు. నీళ్ళు వచ్చేసరికి అంతా కొండ మీద ఉన్నారట. ఎలా?

పత్రిక నడిపినన్నాళ్ళూ మా శాఖను ఉతికి ఆరేశారు. ఈసారి ఉతక్కుండా, చూసింది చూసినట్టు రాయండి. ఈ ఒక్క ప్రశ్న నన్ను నిలవనివ్వడం లేదు.

మీ బావమరిది


వంతెన వీధి, దర్జీ కొట్టు పైగది

బావమరిదికి,

చూసింది చూసినట్టు రాయడం నేను ఇరవై ఏళ్ళు చేశాను. మీ శాఖ దాన్ని అతిశయోక్తి అంది. పత్రిక యజమాని ప్రకటనలు పోతున్నాయన్నాడు. చివరికి పత్రికే పోయింది. చదువుకున్నవాడి కోపం చలికాలంలో కుంపటి లాంటిది, పక్కవాళ్ళకు పొగ, తనకు మాత్రం వెచ్చదనం. కాబట్టి నా కుంపటి జోలికి రాకు. నీ ప్రశ్న మాత్రం బాగుంది. మీ శాఖ నుంచి ఒక మంచి ప్రశ్న రావడం ఇదే మొదలు కనుక జవాబు చెబుతాను.

కొండ మీద ఫైర్ స్టేషన్ కప్పు పైన మీవాళ్ళు పెట్టిన సైరన్ ఉంది. ప్రతి శనివారం మధ్యాహ్నం పన్నెండు గంటలకు దాన్ని పరీక్షగా మోగించాలని మీ నిబంధన. ప్రజలు ఆ మోత గుర్తుపట్టాలట. మేం బాగానే గుర్తుపట్టాం. అది భోజనాల మోత. కూత పడగానే బజారు తలుపులు దించుతుంది. బ్యాంకు గుమస్తా అంకె మధ్యలో కలం మూస్తాడు. కూత వినకుండా శనివారం విస్తరి వేయడానికి మీ అక్కకు చేతులు రావు. మోగించే ఆవిడను ఊరంతా పన్నెండమ్మ అంటుంది. అసలు పేరు పోస్టుమ్యాన్‌కు కూడా గుర్తుండి ఉండదు.

ఆ శనివారం పన్నెండు దాటింది, కూత పడలేదు. కింద దర్జీ కత్తెర పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ముందు ఎవరికి వారు తమ గడియారం తొందరపడిందనుకున్నారు. తర్వాత ఒకరి గడియారం ఒకరు చూసుకున్నారు. ఆ తర్వాత ఒళ్ళు మండింది. ఆకలి వేస్తే ఎవరైనా ఓర్చుకుంటారు, ఆకలికి అనుమతి రాకపోతే మాత్రం ఓర్చుకోరు. మంగలి షాపు నుంచి ఒకాయన సగం గడ్డం నురగతోనే బయటికొచ్చాడు. "పన్నెండమ్మ నిద్రపోయిందా, చచ్చిందా, ఎవరైనా వెళ్ళి చూడండయ్యా" అన్నాడు. "నువ్వే పద, నురగ ఆరేలోపు వచ్చేస్తావు" అన్నాడు హోటలాయన. అలా నలుగురు, వాళ్ళ వెనక నలభై మంది. మీ అక్క నన్ను తోసింది. "ప్రభుత్వాన్ని అడగాలి అడగాలి అంటారుగా ఎప్పుడూ. అదిగో ప్రభుత్వం, కొండ మీదుంది. వెళ్ళి అడగండి" అంది. నేను సరిగా అడగనని అనుమానమొచ్చి తనూ వచ్చింది.

పన్నెండమ్మ గేటు దగ్గర నిలబడి ఉంది. ఎవరెంత తిట్టినా మాట పెగలలేదు. ఆవిడ పలకకపోయేసరికి తిట్లు పెరిగాయి. తిట్లు పెరిగేసరికి చూసే వినోదానికి మిగతా బజారు ఎక్కింది. నా పక్కన బ్యాంకు మేనేజరు కూడా ఉన్నాడు, అసలు ఎందుకొచ్చామని నన్నడుగుతూ. అప్పుడు వెనక నుంచి ఒక చప్పుడు వినిపించింది. వెయ్యి బండ్లు ఒక్కసారి కంకర దించినట్టు. తిరిగి చూస్తే బజారు లేదు, గోధుమరంగు నీళ్ళున్నాయి.

ఇంజనీరువి కదా, ఇప్పుడు ఆలోచించు. పన్నెండు గంటలకు కూత వేసి ఉంటే ఏం జరిగేది? అందరం భోజనాలకు వెళ్ళేవాళ్ళం. ఇళ్ళు, హోటళ్ళు అన్నీ నది ఒడ్డునే. కూత మమ్మల్ని మంచినీళ్ళు తాగినంత తేలిగ్గా చంపేది. ఆవిడకు ఊరి సంగతి తెలుసు. మోగిస్తే కిందికి వెళతారు, మోగించకపోతే పైకి వస్తారు. అందుకే మోగించలేదు. ఇది నా సిద్ధాంతం. ఇంతకంటే గొప్ప హెచ్చరిక ఏ చరిత్ర పుస్తకంలోనూ నేను చదవలేదు.

అన్నట్టు, మీ శాఖ ఫోను సందేశం కూడా వచ్చింది. దర్జీ ఫోనులో చూశాను. ముందు మీ శాఖ పూర్తి పేరు, తర్వాత దాని పైశాఖ పేరు, జారీ చేసిన అధికారి హోదా, "సమస్త ప్రజానీకమునకు ఇందుమూలముగా తెలియజేయునదేమనగా". అక్కడితో తెర నిండిపోయింది. ఏమనగా తర్వాతది కావాలంటే నొక్కి చదవాలి. షెడ్ల వాళ్ళు నొక్కారో లేదో తెలియదు. నొక్కి ఉన్నా, వాళ్ళకు మన భాష చదవడం రాదు.

మీ బావ


రాజధాని, శాఖ కార్యాలయం, మూడో అంతస్తు

బావగారికి,

మీ ఉత్తరం కార్యదర్శిగారికి చదివి వినిపించాను, మా శాఖ మీద వేసిన విశేషణాలు తీసేసి. తీసేశాక కూడా ఉత్తరం మిగిలిందంటే నాకే ఆశ్చర్యం.

ఆయన కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు. "అంటే ఆవిడ మౌనంతో హెచ్చరించిందన్నమాట" అన్నారు. ఆ మాట ఆయనకు నచ్చింది. గదిలోకి వచ్చిన ప్రతివారికీ చెప్పారు. వారం తిరిగేసరికి నా బల్ల మీద రాసిపెట్టిన ముగింపు దానంతటదే మాయమైంది. ఆమె మీద కేసు మాట ఇప్పుడు ఎవరూ ఎత్తడం లేదు. ఇన్నేళ్ళుగా శాఖను తిడుతూ మీరు సాధించలేనిది ఒకరిని పొగిడి సాధించారు. అప్పుడప్పుడు పొగిడితే పోయేదేముంది?

సందేశం గురించి మీరన్నది కూడా అడిగాను. పంపడం శాఖ బాధ్యత, చదువుకోవడం ప్రజల బాధ్యత అన్నారు. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఈ మాట నాకు సబబుగానే వినిపించేది. ఇప్పుడు కొంచెం ఎబ్బెట్టుగా ఉంది. వయసేమో.

ఒక్కటి మాత్రం కుదరడం లేదు. విచారణ నోటీసుకు ఆమె ఇచ్చిన జవాబు రెండు మాటలు. "బటన్ నొక్కాను." అంతే, కింద సంతకం. మీ సిద్ధాంతం ప్రకారం కావాలనే మోగించలేదు కదా. మోగించకూడదనుకున్న మనిషి బటన్ ఎందుకు నొక్కుతుంది? నొక్కితే ఎందుకు మోగలేదు? కార్యదర్శిగారు ఆ కాగితం పక్కన పెట్టమన్నారు. పెట్టాను. కానీ పక్కన పెట్టినవే ఎక్కువ కనిపిస్తుంటాయి.

మీరు ఒకసారి ఆమెను కలిసి అడగరా? మీతో చెప్పవచ్చు.

మీ బావమరిది


వంతెన వీధి, దర్జీ కొట్టు పైగది

బావమరిదికి,

వెళ్ళాను. ఆవిడ స్టేషన్ గదిలో బల్ల, రెండు కుర్చీలు, గోడకు బటన్ పెట్టె. టీ ఇచ్చింది.

"నొక్కావా అమ్మా?" అన్నాను.

"నొక్కాను."

"మోగలేదా?"

"మీకు వినబడిందా?"

"లేదు."

"మరింకేం."

నా సిద్ధాంతం చెప్పాను. ఊరికి ప్రాణం పోశావన్నాను. ఆవిడ లేచి నా గ్లాసు తీసుకెళ్ళి కడిగింది. తిరిగొచ్చి సంబంధం లేకుండా, "పెద్దాయనా, మీరు ఫోను ఎత్తడం లేదట. చెవి నొప్పా?" అంది. నాకు చిర్రెత్తింది. నా చెవులతో నీకేం పని అన్నాను. "ఏం లేదు. పోయినేడు ఈ ఊళ్ళో చాలామందికి చెవులు పోయాయి" అంది.

ఆ మాట పంటి కింద రాయిలా ఉండిపోయింది. ఇక నీ దగ్గర దాచడమెందుకు. నేను ఫోను ముట్టుకోకపోవడానికి కారణం కోపం కాదు. పోయినేడు ఎండాకాలం నుంచి నాకు వినికిడి తగ్గింది. శనివారం కూత పడితే నా బల్ల మీద కప్పు సాసరులో గలగలలాడేది. అది ఆగిపోయింది. కూత ఎక్కడో దూరాన వింటున్నట్టు ఉండేది. సరే, చెవికి వయసొచ్చిందనుకున్నాను. ఇంత చదివి, ఇంత అరిచి, చివరికి చెవిటివాణ్ణని ఊరికి తెలియడం నాకిష్టం లేదు. ఫోనులో ఎవరి మాటైనా తప్పిపోతానేమోనని మానేశాను. మీ అక్కకు కూడా చెప్పలేదు. బస్టాండు వెనక చెవి డాక్టరు దగ్గరికి గుట్టుగా వెళ్ళాను. ఆయన చూసి ఏమీ లేదన్నాడు. మర్యాదకు అంటున్నాడనుకున్నాను.

ఇప్పుడు మళ్ళీ ఆయన దగ్గరికే వెళ్ళాను. "పోయినేడు నాలాంటివాళ్ళు ఎంతమంది వచ్చారు?" అన్నాను. నవ్వాడు. "ఎవరు రాలేదో అడగండి. మీ వీధి పెద్దలంతా వచ్చారు. ఒకరికి తెలియకుండా ఒకరు. మీరు వెనకగుమ్మంలో వెళుతుంటే బ్యాంకు మేనేజరు ముందుగుమ్మంలో వస్తున్నాడు. అందరి చెవులూ దివ్యంగా ఉన్నాయి. చెబితే నమ్మరు."

కింద దర్జీని అడిగాను. "శనివారం కూతకు మీ నిలువుటద్దం ఊగేదిగా?" "ఊగేది, ఊగడం మానింది. అద్దం గట్టిగా బిగించానేమో అనుకున్నా" అన్నాడు. హోటలాయన రోడ్డు మీద బండ్లు పెరిగి కూత వినబడడం లేదనుకున్నాడట. కుర్రాళ్ళనడిగితే లాభం లేదు, వాళ్ళ చెవుల్లో ఎప్పుడూ ఏదో ఒక తీగ ఉంటుంది.

అర్థమవుతోందా? కూత చిన్నదైంది. మేమంతా ఎవరి చెవుల్ని వాళ్ళు అనుమానించుకుని, సిగ్గుపడి నోరు మూసుకున్నాం. ఇంతమందిమి ఒక్కసారి ఒకరితో ఒకరం చెప్పుకుని ఉంటే ఏడాది కిందటే తేలేది. ప్రభుత్వం పాడైతే మనలోనే ఏదో లోపముందనుకునే ప్రజలు మీకు దొరికారు. అదృష్టవంతులు.

శనివారం పనిగట్టుకుని పైకి వెళ్ళి గోడవారన నిలబడ్డాను. కప్పు మీద సైరన్ నోట్లో పావురం గూడు పెట్టింది. పిల్లలు కూడా ఉన్నాయి. వారం వారం కూసే నోట్లో ఏ పావురమూ కాపురం పెట్టదు. పన్నెండు కాగానే పన్నెండమ్మ ఆవరణలోకి వచ్చి, ఫైరింజన్ ఎక్కి, దాని సైరన్ మోగించింది. మేము ఏడాదిగా వింటున్న కూత అది. బండి ముఖం బజారు వైపు తిప్పి ఉంటుంది. బజారు దాకా వస్తుంది. వంతెన దాకా రాదు.

మరి వరద రోజున ఆ బండి ఎక్కడుంది? అది మీవాళ్ళను అడిగి చెప్పు. ఒప్పుకుంటున్నాను, ఈ వారమంతా నాకు హుషారుగా ఉంది. పత్రిక పోయాక ఇంత మంచి వార్త దొరకలేదు.

మీ బావ


రాజధాని, ఇంటి నుంచి

బావగారికి,

ఈ ఉత్తరం ఆఫీసులో రాయడం లేదు.

బండి ఆ రోజు మంత్రిగారి వాహనాల వెనక వెళ్ళింది. పక్క పట్టణంలో ప్రారంభోత్సవం. ఎక్కడికి వెళ్ళినా ఒక ఫైరింజన్ వెంట ఉండాలని నిబంధన. మీరు అడిగారు కనుక చెప్పాను. ఇక ముందుకు తవ్వకండి.

ఇక్కడ సంగతులు మారిపోయాయి. ఆమెకు పతకం ఇస్తున్నారు. శాఖ వార్షికోత్సవంలో, వేదిక మీద. "మౌన హెచ్చరిక" అని ఆమె మీద ఒక పుస్తకం కూడా వేస్తున్నారు, శిక్షణలో పాఠంగా. మాటలు చాలావరకు మీ ఉత్తరంలోవే. కార్యదర్శిగారు నిన్న "మీ బావగారు రచయితా?" అని అడిగారు.

సైరన్ పాడైన మాట ఇప్పుడు బయటపడితే ఏమవుతుందో ఆలోచించండి. శాఖకు ఏమీ కాదు. ఎప్పుడైనా అయిందా? కానీ ప్రతి శనివారం "సైరన్ పనిచేస్తున్నది" అని సంతకం పెట్టింది ఆమె. ఏడాది పొడుగునా తప్పుడు సంతకం. ఉద్యోగం పోవడం కాదు, జైలు. పతకం తీసుకుంటే ఆ సంతకాల జోలికి ఎవరూ వెళ్ళరు. ఆమెను కాపాడింది మీ సిద్ధాంతమే. దాన్ని మీరే కూల్చుకుంటారా?

వయసులో పెద్దవారు. మీకు నేను చెప్పేదేముంది. చెవుల సంగతి వదిలేయండి.

మీ బావమరిది


వంతెన వీధి, దర్జీ కొట్టు పైగది

బావమరిదికి,

నీ ఉత్తరం పట్టుకెళ్ళి ఆవిడకు చదివి వినిపించాను. నీకు కోపం వస్తుందని తెలుసు. కానీ శిక్షో సన్మానమో పడేది ఆవిడకు. అడగకుండా మనమిద్దరం బావాబావమరుదులం కూర్చుని తేల్చేస్తే, నేను ఇరవై ఏళ్ళు తిట్టిన శాఖకూ మన ఇంటికీ తేడా ఏముంది?

ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"పోయినేడు మోటారు కాలిపోయింది. ఆ రోజే పైకి చెప్పాను. కొత్తది వస్తుందన్నారు. శనివారం వచ్చింది. మోగలేదని రాస్తానన్నాను. అలా రాస్తే పైవాళ్ళు మమ్మల్ని అడుగుతారమ్మా, ఏదో ఒకటి మోగించి మోగిందని రాయి, మోటారు వచ్చేదాకా, అన్నారు. బండి సైరన్ మోగించాను. మోగిందనే రాశాను. మోగుతున్నదానికి మోటారు ఎందుకు పంపుతారు? నేను మోగించినన్నాళ్ళూ అది రాదని తర్వాత తెలిసింది. అప్పటికి సంతకాలు ఎక్కువైపోయాయి.

"ఆ రోజు బండి లేదు. నీళ్ళొస్తున్నాయని ఫోనొచ్చింది. పనిచేయదని తెలిసీ గోడ మీద బటన్ నొక్కాను. మనిషిని కదా. గట్టిగా నొక్కాను. ఏమీ లేదు. సరే, కిందికి పరిగెత్తి అరుద్దామని గేటు దాకా వచ్చాను. అప్పటికే మీరంతా తిట్టుకుంటూ ఎక్కుతున్నారు. నురగ మొహమాయన అందరికంటే ముందు. నోరు తెరిచి నీళ్ళని చెబుదామనుకున్నాను. చెబితే ఏం చేస్తారు? సామాన్లకని సగంమంది కిందికి పరిగెడతారు. అందుకని పలకలేదు. తిట్టనిచ్చాను. తిట్టేవాడు నిలబడ్డ చోటు నుంచి కదలడు, చూసేవాడు ఇంకా పైకెక్కుతాడు. నా తెలివి అంతవరకే. మౌనమూ లేదు, పాడూ లేదు."

నేను మిగతాది అడగలేదు. తనే చెప్పింది.

"షెడ్లవాళ్ళు కూత కోసం అన్నం ఆపుకోరు. వాళ్ళకు అది ఎప్పుడూ వినబడలేదు. వినబడనిది ఆగిపోయిందని ఎవరికి తెలుస్తుంది? ఊరంతా వచ్చి నన్ను తిట్టారు, వాళ్ళు రాలేదు. నన్ను తిట్టేంత పరిచయం వాళ్ళకు లేకపోయింది, పెద్దాయనా."

పతకం సంగతి అడిగాను. "తీసుకుంటే సైరన్ బాగుందని ఇంకో సంతకం పెట్టినట్టే. ఈసారి వేదిక మీద, అందరి ముందు" అంది.

జైలు అన్నాను. "భయమే" అంది. "పిల్ల పెళ్ళీడుకొచ్చింది, భయం కాక ఏముంటుంది? మీ బావమరిదిగారిని ఒక్క పని చేయమనండి. ఒక శనివారం వచ్చి, వంతెన కింద షెడ్లున్న చోట పన్నెండు గంటలకు నిలబడమనండి. విని, ఆ తర్వాత ఏం రాసినా నాకు సరే."

నేను నా తెలివి చూసుకుని మురిసిపోయి రాసిన సిద్ధాంతం మీ ప్రభుత్వానికి గొడుగైంది. ఆ గొడుగు కింద ఆ నలుగురికి చోటు లేదు. దాన్ని లాగేయమని ఆమే అడుగుతోంది. నేను లాగలేను, నా పత్రిక పోయింది. నీ చేతిలో కలముంది. వస్తావా రావా, రాయి. ఉత్తరం రాయకపోయినా అర్థం చేసుకుంటాను, మీ శాఖతో నాకు అలవాటే.

మీ బావ

పక్కన ఖాళీలో నేను రాస్తున్నా, తమ్ముడూ. మీ బావ నాలుగు రోజులుగా సరిగా తినడం లేదు. చెవుడు లేదని నాకు ముందే తెలుసు. పక్కగదిలో నేను గొణుక్కున్నది కూడా వింటారు. అడిగితే బాధపడతారని ఊరుకున్నా. నువ్వొచ్చి విను. వచ్చినప్పుడు భోజనం ఇక్కడే. అక్క.


మీ ఊరి బస్టాండు, టికెట్ల గది పక్క బెంచీ

బావగారికి,

మీ వీధి చివర దాకా వచ్చి కూడా ఇంటికి రాలేదు. అక్కను క్షమించమనండి. ఇల్లెక్కితే మీ ఇద్దరి మాటా వింటాను, విచారణ నాది కాకుండా పోతుంది. నా చెవులతో విన్నది మాత్రమే రాయాలనిపించింది.

పన్నెండుకు ముందే వంతెన కిందికి దిగాను. అక్కడ మళ్ళీ షెడ్లు వేశారు. అదే చోటు, కొత్త రేకులు. కొత్త మనుషులు. రోడ్డు పని ఆగకూడదు కదా. ఒకామె ఇసుక మీద కూర్చుని గిన్నెలు తోముతోంది. ఇద్దరు చంటిపిల్లలు రేకు నీడలో పడుకున్నారు.

చేతిగడియారం చూస్తూ నిలబడ్డాను. నీళ్ళ చప్పుడు. పైన లారీ. గిన్నె మీద గిన్నె. పన్నెండు దాటింది. బావా, నిజం చెబుతున్నాను, అప్పుడు నాకు మొదట వచ్చిన ఆలోచన ఏమిటో తెలుసా? నా చెవులకు వయసొచ్చిందేమో అని.

గిన్నెలు తోమే ఆమెకు మన మాట కొద్దిగా వచ్చు. "కూత వినబడిందా?" అని అడిగాను.

"ఏ కూత?" అంది.

"నీళ్ళొస్తే వేస్తారు."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "నీళ్ళొస్తాయా?" అంది.

ఇక్కడ ఇంతకు ముందు జరిగింది వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. నేను చెప్పాను. నా ఉద్యోగ జీవితంలో ఒక మనిషికి ఎదురుగా నిలబడి, శాఖ పేరూ హోదా లేకుండా, నీళ్ళొస్తాయి, పైకి వెళ్ళండి అని చెప్పడం ఇదే మొదటిసారి. ఎన్ని మాటలు పట్టిందనుకున్నారు? మీ దర్జీ ఫోను తెరలో సగం కూడా నిండదు.

నివేదిక బస్సులోనే మొదలుపెడతాను. సైరన్ మోగలేదు, మోగదు, ఆ సంగతి శాఖకు తెలుసు అని మొదటి వాక్యం. సంతకాలు ఎవరు పెట్టించారో రెండోది. ఆ తర్వాత ఆమెను వాళ్ళు ఏం చేస్తారో నేను హామీ ఇవ్వలేను. ఆమె అది తెలిసే పిలిచింది.

మీ బావమరిది


వంతెన వీధి, దర్జీ కొట్టు పైగది

బావమరిదికి,

వానలు మొదలయ్యాయి. మాకు ఇక్కడ నీళ్ళు ఉండవలసిన చోటే ఉన్నాయి, మనుషులు కూడా.

నీ నివేదికను ప్రభుత్వం స్వీకరించిందని చదివాను. స్వీకరించడమంటే ఏమిటో నీకూ తెలుసు, నాకూ తెలుసు. అచ్చులో నీ మొదటి వాక్యం లేదు. నిన్ను కుర్చీ నుంచి సగౌరవంగా లేపారని కూడా విన్నాను. కానీ నివేదిక బయటికి రావడానికి ముందు వారం ఒక లారీ వచ్చింది. కొత్త మోటారు. సైరన్ పాడైందని ఎవరైనా అంటే, ఏదీ, బాగానే ఉందే అనడానికి. సిగ్గుతోనైనా సరే, చేసిన పని పనే. పావురం పిల్లలు అప్పటికే ఎగిరిపోయాయి.

పతకం లేదు, పుస్తకం లేదు. జైలూ లేదు. ఆవిడ మీద కేసు పెడితే సంతకాలు ఎవరు పెట్టించారని కోర్టులో అడుగుతారు కదా. నీ రెండో వాక్యం అచ్చులో లేకపోయినా భయపెట్టే పని చేసింది. చివరికి ఆవిడకు ఒక కాగితం వచ్చింది, ఇకముందు ఇలా జరిగితే చర్య తప్పదని. మీ శాఖ నా ఎరుకలో సకాలంలో అందించిన హెచ్చరిక ఇదొక్కటే.

నిన్న శనివారం. కప్పు మీది సైరన్ ఏడాది దాటాక మొదటిసారి మోగింది. నా కప్పు సాసరులోంచి ఎగిరి కింద పడింది. దర్జీ అద్దం ఊగి ఊగి, లోపల కొలతలిస్తున్న మనిషి నాలుగు ముక్కలుగా కనిపించాడు. వీధి పెద్దలంతా గుమ్మాల్లోకి వచ్చి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బ్యాంకు మేనేజరు మాత్రం చెవి మీద చెయ్యి వేసుకుని చిన్నపిల్లాడిలా నవ్వాడు.

నాకు కుతూహలం ఆగక పైకి వెళ్ళాను. పన్నెండమ్మ గేటు దగ్గర నిలబడి ఉంది, ఎవరి కోసమో చూస్తున్నట్టు. కాసేపటికి వంతెన వైపు దారిలో జనం కనిపించారు. షెడ్లవాళ్ళు. నువ్వు చెప్పిన గిన్నెల ఆవిడే అనుకుంటా, అందరికంటే ముందు, చంకలో పిల్ల. పిల్ల ఏడుస్తోంది. ఆవిడ రాగానే తనకు తెలిసిన మన మాటలు నాలుగింటితోనే దులిపేసింది. ఇప్పుడే పడుకోబెట్టాను, ఏంటీ గోల, మీకు పిల్లలు లేరా, ఎవరు మోగించమన్నారు అని. మిగతావాళ్ళు వాళ్ళ భాషలో అందుకున్నారు. ఒక్క ముక్క తెలియకపోయినా ఏమంటున్నారో నాకు బాగా తెలిసింది.

పన్నెండమ్మ పలకలేదు. చేతులు కట్టుకుని తిట్టనిచ్చింది.

ఇక ఉత్తరం రాయకు. ఫోను చెయ్యి. నేనే ఎత్తుతాను.

మీ బావ